రోలుగుంట పొలం గట్టు దాకా ఏ పరిశోధన వచ్చింది?

1796లో లండన్‌లో పెద్ద సైజు పుస్తకం ఒకటి అచ్చయింది. కోరమాండల్ తీరంలో దొరికే పాముల వివరాలు, చేత్తో రంగులద్దిన బొమ్మలు అందులో ఉన్నాయి. రాసినవాడు ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడి వెంట విశాఖపట్నం వచ్చి, ఇక్కడి పాముల్ని పట్టించి, పొలుసులు లెక్కపెట్టి, కోళ్ల మీదా కుక్కల మీదా వాటి కాటు ఎలా పనిచేస్తుందో చూసి రాసుకున్నాడు. ఆ పుస్తకంలో ఒక పాముకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరే రాసిపెట్టాడు: కాటుక రేకుల పొడ. మన పొలాల్లో తిరిగే రక్తపింజరి అదే. ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని రస్సెల్ వైపర్ అంటుంది.

ఆ తెలుగు పేరు ఎంత శ్రద్ధగా చూసి పెట్టిందో గమనించండి. ఆ పాము వీపు మీద మూడు వరసల మచ్చలుంటాయి. ఒక్కో మచ్చ చుట్టూ కాటుకతో దిద్దినట్టు నల్లటి అంచు ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఏ పాములవాడో, ఏ కౌలురైతో! పుస్తకంలో అతని పేరు లేదు. అతని మాట మాత్రం మిగిలింది. అలాగే కట్లపాముల జాతికి 1803లో పెట్టిన శాస్త్రీయ నామం బుంగారస్. అది రస్సెల్ రాసుకున్న ‘బంగారు పాము’ అనే తెలుగు మాటలోంచి వచ్చింది. ఇవాళ్టికీ ప్రపంచంలోని ప్రతి ప్రయోగశాలలో కట్లపామును మన మాటతోనే పిలుస్తారు.

రెండువందల ఏళ్లకు పైగా ఈ నేల శాస్త్రానికి నమూనాలిచ్చింది, పేర్లిచ్చింది, విత్తనాలిచ్చింది, రాళ్లిచ్చింది. మరి శాస్త్రం ఈ నేలకు తిరిగి ఏమిచ్చింది? గత కొన్నేళ్లలో ప్రకృతి శాస్త్రాల్లో వచ్చిన ముఖ్యమైన ఫలితాలను ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని చదివాను. గట్టు మీద నిలబడి చూడడానికి రోలుగుంటను ఎంచుకున్నాను. చోడవరం నియోజకవర్గంలో, నర్సీపట్నానికి దగ్గర్లో ఉన్న మండలం ఇది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒక పక్క తూర్పు కనుమల కొండలు, వాటి కింద గిరిజన గూడేలు, ఇవతల వరి, చెరకు, జీడిమామిడి తోటలు. ఏ పరిశోధన ఎంత గొప్పదో నోబెల్ కమిటీ చెప్తుంది. అది ఇక్కడి గట్టు దాకా వచ్చిందా లేదా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

ముందు వరి సంగతి. 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి వరి రకాలివి. మొదటిది డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దీన్ని చేసింది. రెండోది ఢిల్లీలోని పూసా సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. వార్తల్లో ‘ప్రపంచంలోనే తొలిసారి’ అన్న మాట గట్టిగా వినిపించింది. ఆ సందట్లో మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి వెనక్కి పోయింది. కమలకు తల్లి బాపట్లలో పుట్టిన సాంబా మసూరి, మన రైతు నోట బీపీటీ 5204. రెండోదానికి తల్లి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు. దేశంలో జన్యు సవరణ వరి రెండు మెట్లెక్కితే, ఆ రెండు మెట్లూ ఆంధ్ర విత్తనాలే.

ఇక్కడ శాస్త్రం చేసిన పని వివరంగా చెప్పుకోదగ్గది. బ్యాక్టీరియాలు తమమీద దాడి చేసే వైరస్‌ల జన్యు పదార్థాన్ని గుర్తుపట్టి కత్తిరించడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. దాన్నే కత్తెరగా మార్చి, కావలసిన జన్యువు దగ్గర కావలసిన చోట కోయవచ్చని 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా చూపించారు. దాని పేరు క్రిస్పర్. 2020లో వాళ్లిద్దరికీ రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను వెన్నులో గింజల సంఖ్యను పెంచుతుంది. ఆ హార్మోనును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు ఒకటుంది. దాన్ని కత్తెరతో పనిచేయకుండా చేస్తే హార్మోను నిలుస్తుంది, వెన్నుకు గింజలు పెరుగుతాయి. కమలలో చేసింది ఇదే. బయటి జీవి జన్యువు ఏదీ ఇందులో పెట్టలేదు. బీటీ పత్తికీ దీనికీ తేడా అదే.

అధికారికంగా చెప్పిన లెక్కల ప్రకారం కమల దిగుబడి సాంబా మసూరి కన్నా 19 శాతం ఎక్కువ, కోత సుమారు 20 రోజులు ముందు. దేశమంతటి పరీక్షల సగటు హెక్టారుకు 5.37 టన్నులు. మన లెక్కలో ఎకరాకు 21 క్వింటాళ్ల పైచిలుకు. గోదావరి డెల్టా రైతు ఈ అంకె విని ఆశ్చర్యపోడు, అతనికి ఇప్పుడే అంతకన్నా ఎక్కువ వస్తుంది. కానీ చెరువు కింద, ఆలస్యంగా నాట్లు వేసే రోలుగుంట లాంటి చోట అసలు విలువ ఆ 20 రోజులది. సాంబా మసూరి దీర్ఘకాలిక పంట. చివరి తడికి నీళ్లు చాలక వెన్ను తాలుగా మారడం ఇక్కడి రైతుకు తెలిసిన బాధే. ఒక తడి మిగిలితే పంట మిగిలినట్టు.

అయితే ఇక్కడే ఆగి చూడాలి. పూసా రకం క్షేత్ర పరీక్షల గణాంకాల మీద విమర్శలు వచ్చాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి వాటిని తోసిపుచ్చింది. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి కాబట్టి విత్తనం అమ్మకానికి రావాలంటే వాటి అనుమతుల లెక్క తేలాలి. ప్రజల డబ్బుతో, రైతులు తరాల తరబడి నిలబెట్టిన విత్తనంలోంచి చేసిన రకం కాబట్టి పరీక్షల లెక్కలన్నీ బయట పెట్టాలని నేననుకుంటాను. లెక్కలు బాగుంటే దాచాల్సిన పని లేదు. బాగాలేకపోతే రైతుకు ముందే తెలియాలి.

కమల కన్నా ముందే, తక్కువ చప్పుడుతో వచ్చిన మేలు ఇంకోటుంది. సాంబా మసూరికి పెద్ద శత్రువు ఎండాకు తెగులు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి సంస్థ కలిసి మూడు తెగులు నిరోధక జన్యువులను మామూలు సంకర పద్ధతిలోనే, జన్యు గుర్తుల సాయంతో ఎంచుకుంటూ సాంబా మసూరిలోకి తెచ్చాయి. అలా 2008లో మెరుగైన సాంబా మసూరి విడుదలైంది. తర్వాతి పరీక్షల్లో ఆ బియ్యం రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందని తేలింది. రమేశ్ సొంటి లాంటి శాస్త్రవేత్తలు దానిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. కత్తెర లేదు, నోబెల్ లేదు. పొలం దాకా వచ్చింది మాత్రం అదే. వరి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: శాస్త్రం ఈ నేల నుంచి తీసుకుంది, తిరిగి ఇచ్చింది కూడా.

చెరకు కథ అంత తేలిక కాదు. చోడవరం, అనకాపల్లి అనగానే బెల్లం గుర్తొస్తుంది. గానుగ, పెనం, పొద్దున్నే ఊరంతా కమ్ముకునే పాకం వాసన. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది. దానికి ఒక ఏడాది ముందు, 1912లో, కోయంబత్తూరులో చెరకు ప్రజనన సంస్థ మొదలైంది. అక్కడ సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ చేసిన పని మన ఏటి గట్టుకు సంబంధించింది. మెత్తగా, తియ్యగా ఉండే చెరకును వాళ్లు రెల్లు గడ్డితో సంకరం చేశారు. అవును, బొడ్డేరు గట్టునా శారదా నది ఇసుకలోనా తెల్లగా పూసి, ఎవరూ ఖాతరు చేయని ఆ రెల్లే. తీపి లేదు కానీ దానికి మొండితనం ఉంది. కరువుకు ఓర్చుకుంటుంది, తెగులుకు లొంగదు, కోసిన కొద్దీ పిలకలు వేస్తుంది. ఆ సంకరంలోంచి 1918లో కో 205 వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా నాటిన చెరకు రకాల్లో కోయంబత్తూరు రక్తం పారింది.

1930లలో అదే సంస్థలో ఇ.కె. జానకి అమ్మాళ్ రెల్లు క్రోమోజోములను లెక్కపెట్టారు. మనిషి కణంలో క్రోమోజోములు 46, దాదాపు అందరికీ అంతే. రెల్లులో మొక్క మొక్కకూ లెక్క మారుతుంది, 40 నుంచి 128 దాకా. దాన్ని అంతే గజిబిజిగా ఉండే చెరకుతో కలిపితే వచ్చిన పంట జన్యువులను చదవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వరి జన్యు పటం ఇరవై ఏళ్ల కిందటే పూర్తయింది. చెరకుది మాత్రం 2024 మార్చి దాకా ఆగింది. రీయూనియన్ దీవిలో పుట్టిన ఆర్ 570 అనే రకం జన్యు పటాన్ని ఆ నెలలో నేచర్ పత్రిక ప్రచురించింది. సుమారు 1000 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్లు. చాలా జన్యువులకు డజను దాకా నకళ్లు, అవి కూడా ఒకదానికొకటి కొద్దిగా తేడాతో.

ఆ పటం పుణ్యమా అని తేలిన సంగతి ఒకటి నాకు చాలా నచ్చింది. ఆర్ 570 రకానికి తుప్పు తెగులు సోకదని రైతులకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. పటం చేతికొచ్చాక, పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు కలిసి ఆ కాపలా కాస్తుండవచ్చని బయటపడింది.

కానీ మన ప్రాంతపు చెరకు రైతు గుండె గుభేలుమనేది తుప్పు తెగులుకు కాదు, ఎర్రకుళ్లుకు. పైకి ఆకు వాడినట్టుంటుంది. గెడ చీల్చి చూస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య అడ్డంగా తెల్లటి పట్టీలతో, పులిసిన వాసన కొడుతూ ఉంటుంది. ముఖ్యంగా ముచ్చెలతో వ్యాపిస్తుంది కాబట్టి ఒక తోటలో మొదలైతే కొన్న విత్తనంతో ఊరూరా తిరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లో 2009 తర్వాత రాజ్యమేలిన కో 0238 రకాన్ని చివరికి ఇదే కూల్చింది. ఒకే రకాన్ని లక్షల ఎకరాల్లో వేస్తే ఈ తెగులు తెచ్చే శిలీంద్రం కూడా దాన్నే నేర్చుకుంటుంది. అనకాపల్లి కేంద్రం ఇచ్చిన 87ఏ298, అంటే విశ్వామిత్ర, లాంటి రకాలు మన రైతును చాలాకాలం ఆదుకున్నాయి. ఇప్పుడు చెరకు జన్యు పటం ఉంది, క్రిస్పర్ ఉంది, వందేళ్లు దాటిన పరిశోధన కేంద్రం పక్కనే ఉంది. ఎర్రకుళ్లు నిరోధకాన్ని ఈ పటంలో వెతికే పని అనకాపల్లిలో జరగకపోతే ఇంకెక్కడ జరగాలి? ఈలోగా చెరకు తీసేసి సరుగుడు, నీలగిరి వేస్తున్న పొలాలు ఏటికేడు పెరుగుతున్నాయి. ధర, కూలీల కొరత, బకాయిలు అందుకు పెద్ద కారణాలు. వాటికి జన్యు పటంలో జవాబు లేదన్నదీ నిజమే.

వానల విషయంలో ఒక చిన్న విప్లవం జరిగింది. చాలామంది దాన్ని గమనించినట్టు లేదు. వాతావరణ సూచన అంటే గాలి, తేమ, వేడి సమీకరణాలను పెద్ద కంప్యూటర్ల మీద గంటల తరబడి విప్పడం అని ఇన్నాళ్లూ అనుకున్నాం. దశాబ్దాల పాత వాతావరణ రికార్డులను చూపించి యంత్రానికే నేర్పిస్తే, నిమిషాల్లో అంతే బాగా చెప్పగలదని 2023 ప్రాంతంలో తేలింది. 2025 ఖరీఫ్‌కు ముందు కేంద్ర వ్యవసాయ శాఖ ఇలాంటి నమూనాల సాయంతో 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి ఫోన్ సందేశాలు పంపింది. ఆ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళను తాకి, తర్వాత దారిలో నిలిచిపోయాయి. ఆ విరామాన్ని ఈ సూచనలు ముందే పట్టుకున్నాయి. తొలకరి చూసి విత్తనం చల్లేసి, మొలక ఎండిపోయి, మళ్లీ విత్తనం కొన్న రైతుకు ఈ ఒక్క ముక్క ఎంత విలువైందో లెక్క కట్టక్కర్లేదు.

అదే రుతుపవనం సముద్రంలో ఏం చేస్తుందో 2025 ఏప్రిల్‌లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురదలో, ఇసుక రేణువంత ఉండే ఫొరామినిఫెరా గుల్లల రసాయనాన్ని బట్టి గత 22 వేల ఏళ్ల చరిత్రను శాస్త్రవేత్తలు చదివారు. రుతుపవనం మరీ బలంగా వచ్చిన కాలాల్లోనూ, మరీ బలహీనంగా ఉన్న కాలాల్లోనూ, సముద్రపు పై పొరల్లో చేపలకు మేత సగానికి పడిపోయింది. వాన ఎక్కువైతే నదుల మంచినీళ్లు మూతలా పరుచుకుని కింది పోషకాలను పైకి రానివ్వవు. తక్కువైతే గాలి చాలక నీరు కలియదు. భూమి వేడెక్కే కొద్దీ ఆ రెండు కొసలూ మనకు దగ్గరవుతాయి. ఇది రోలుగుంటకు దూరపు సంగతి అనుకోవద్దు. ఇదే జిల్లాలో పూడిమడక ఉంది, వేట మీద బతికే ఊరు. సంతలో చేప ధర రెండు చోట్లా ఒకటే.

రాళ్ల గురించి తొందరగానే చెప్తాను, చెప్పకుండా మాత్రం ఉండలేను. ఊరి పేరులోనే రోలుంది. ఈ కొండల్లో నల్లటి చార్నకైట్, తుప్పు రంగు ఖోండలైట్ ఎక్కువ. ఖోండలైట్ అన్న పేరు 1902లో టి.ఎల్. వాకర్ ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టింది. ఎగువన పాడేరు దగ్గర దొరికే సాఫిరిన్ అనే నీలి ఖనిజం పక్కన స్ఫటికం కూడా ఉంటే, ఆ రాయి ఒకప్పుడు భూమి లోతుల్లో 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిందని అర్థం. యురేనియం సీసంగా మారే వేగాన్ని బట్టి జిర్కాన్ రేణువుల వయసు కడితే ఆ వేడి సుమారు 95 నుంచి 100 కోట్ల ఏళ్ల నాటిదని తేలుతుంది. అంటార్కిటికా తూర్పున రేనర్ ప్రాంతపు రాళ్లదీ అదే వయసు, అదే పోలిక. రెండూ అప్పుడు ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. గొలుగొండ, నర్సీపట్నం వైపు కొండల్లో పగలు పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపించే రంగురాళ్లు కూడా దొరుకుతాయి. వాటి కోసం దొంగచాటుగా కొండ తవ్వుతూ మట్టిపెళ్లల కింద ప్రాణాలు పోగొట్టుకున్న పేదలున్నారు. మన కొండల గురించి జపాన్‌లో, జర్మనీలో ఉన్న పరిశోధకుడికి తెలిసినంత ఇక్కడి బడిపిల్లలకు తెలియదు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

చంద్రుడూ ఈ రాళ్ల కుటుంబానికి దూరం కాడు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ప్రజ్ఞాన్ బండి 23 చోట్ల మట్టిని పరీక్షించింది. ఏడాది తర్వాత అహ్మదాబాద్ శాస్త్రవేత్తల బృందం నేచర్‌లో రాసిన ప్రకారం ఆ మట్టి ఎక్కువగా అనార్థొసైట్ తరహాది. చంద్రుడు పుట్టిన కొత్తలో అంతా కరిగిన రాతి సముద్రమనీ, తేలికైన ఖనిజాలు పైకి తేలి తొక్కు కట్టాయనీ చెప్పే సిద్ధాంతానికి అది బలమిచ్చింది. ఆ తరహా రాయి తూర్పు కనుమల్లోనే చిల్కా దగ్గర ఉంది. తమిళనాడు నామక్కల్ దగ్గర దొరికే అదే రాయిని పొడిచేసి, దానిమీదే ఇస్రో దిగడం సాధన చేసింది.

చంద్రుణ్ని దాటి ఇంకా దూరం చూస్తే, 2023 జూన్ చివర్లో పల్సార్ నక్షత్రాల టిక్కుటిక్కుల్లో తేడాలను పట్టుకుని, విశ్వమంతటా గురుత్వ తరంగాల సన్నటి హోరు ఉందని కొన్ని దేశాల బృందాలు ఒకేసారి ప్రకటించాయి. పుణె దగ్గరి రేడియో టెలిస్కోపుతో పనిచేసే భారత బృందం, అందులో హైదరాబాద్ ఐఐటీ వాళ్లు, ఆ పనిలో ఉన్నారు. రోలుగుంటకు దీనివల్ల రూపాయి లాభం లేదు. అయినా కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకుని ఆకాశం చూసే పిల్లవాడికి ఈ సంగతి చెప్పిచూడండి. లాభం అన్న మాట అక్కడ చిన్నదైపోతుంది.

ఇక మొదట ఎత్తుకున్న పాము దగ్గరికి వస్తాను. నా మనసంతా దానిమీదే ఉంది.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏటా సగటున 58 వేలు. 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లోనే. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవాళ్లలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే దుక్కి, నాట్లు, కలుపు రోజుల్లో. అన్ని పాముల్లోకీ ఎక్కువ ప్రాణాలు తీసేది కాటుక రేకుల పొడ. చెరకు తోటలో ఆకు దూసేటప్పుడు, వరి కుప్ప ఎత్తేటప్పుడు, గట్టు మీద చీకట్లో నడిచేటప్పుడు దాని మీద కాలు పడుతుంది.

విరుగుడు మందు తయారీ 1895లో ఆల్బర్ట్ కాల్మెట్ చూపించిన దారిలోనే ఇప్పటికీ నడుస్తోంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను తీసి సీసాలకు నింపుతారు. మన దేశపు మందు నాలుగు పాములకు కలిపి ఒకటే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆ మందుకు కావలసిన విషంలో చాలా భాగం చెన్నై పక్కన ఇరుల గిరిజనుల సహకార సంఘం పట్టే పాముల నుంచే వస్తుంది. ఇరులవాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాలి, దేశాన్ని వాళ్లే కాపాడుతున్నారు. కానీ చిక్కు వేరే చోట ఉంది. ఒకే జాతి పాము అయినా ఊరు మారితే విషం మారుతుంది.

దీన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తిక్ సునగర్ బృందం గట్టిగా నిరూపించింది. 2025లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో 34 ప్రాంతాల నుంచి తెచ్చిన 115 రక్తపింజరుల విషాన్ని పోల్చారు. ఎండ, వాన తేడాలను బట్టి విషంలోని ఎంజైముల బలం మారుతోంది. పొడి ప్రాంతాల పాముల్లో కండను, రక్తనాళాలను కరిగించే ఎంజైములు చురుగ్గా ఉన్నాయి. పిల్లపాము విషానికీ పెద్దపాము విషానికీ కూడా తేడా ఉందని వాళ్ల ముందటి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి తమిళనాడు పాముల విషంతో చేసిన మందు ఇంకోచోటి పాము కాటుకు అంతే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఎక్కువ సీసాలు ఎక్కించాల్సి రావచ్చు. ఎక్కువ సీసాలంటే ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఎలర్జీ ప్రమాదం.

మరి కొత్త కనుగోళ్లు? అవి నిజంగా అద్భుతమైనవే. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ, బెంగళూరు సంస్థ కలిసి గుర్రం అవసరం లేని మానవ ప్రతిరక్షకాన్ని తయారుచేశాయి. 2025 జనవరిలో డేవిడ్ బేకర్ బృందం, కంప్యూటర్ మీద కృత్రిమ మేధతో గీసిన చిన్న ప్రొటీన్లు విషాన్ని అడ్డుకుని ఎలుకలను బతికించాయని ప్రకటించింది. ఆ బేకర్‌కే 2024 రసాయన నోబెల్‌లో సగం వాటా దక్కింది. 2025 మేలో, ఏళ్ల తరబడి తనకు తానే పాము విషం ఎక్కించుకున్న ఒక అమెరికన్ రక్తంలోంచి తీసిన ప్రతిరక్షకాలతో ఇంకో ప్రయోగాత్మక మందు వచ్చింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. మూడూ నాగుపాము, కట్లపాము కుటుంబానివి. నరాలను పట్టే ఆ విషంలో చిన్న ప్రొటీనే ముఖ్యం, దాని ఆకారం దాదాపు ఒకటే, అందుకే గురి కుదిరింది. రక్తాన్ని చెడగొట్టే పింజరి విషం పది రకాల ఎంజైముల కలగూరగంప. పాముకాటుకు వరెస్ప్లాడిబ్ అనే మాత్రను మన దేశంలోనూ అమెరికాలోనూ రోగుల మీద పరీక్షిస్తే మొత్తం మీద అనుకున్న లక్ష్యం నెరవేరలేదు. కాటు పడిన కొద్ది గంటల్లో ఇచ్చినవాళ్లలో మాత్రం కొంత మేలు కనిపించింది. మెరిసే పరిశోధనలన్నీ పక్కింటి పాము దగ్గర ఆగాయి. మన చెరకు తోటలోని పాము ఇంకా మిగిలే ఉంది.

గిరినాగు సంగతీ ఇలాంటిదే. 1836లో పేరు పెట్టినప్పటి నుంచి ఒకే జాతి అనుకున్న ఆ పాము నిజానికి నాలుగు జాతులని 2024లో పి. గౌరీశంకర్, ఆయన సహచరులు తేల్చారు. పడమటి కనుమలది ఒకటి, ఫిలిప్పీన్స్ లుజాన్ దీవిది ఒకటి, ఆగ్నేయాసియా దీవులది ఒకటి, తూర్పు కనుమలతో సహా ఉత్తరాదిది ఒకటి. దీవుల జాతి పేరు బుంగారస్, మళ్లీ మన బంగారు పామే. గౌరీశంకర్‌కు ఈ అనుమానం పుట్టింది తన ఒంటి మీద. 2005లో ఆయన్ను గిరినాగు కరిస్తే థాయ్‌లాండ్ మందు సరిగా పనిచేయలేదు. మన దేశంలో గిరినాగుకు మందే తయారు కాదు. మాడుగుల, చీడికాడ వైపు తోటల్లో గిరినాగు కనబడగానే కొట్టి చంపడం ఒకప్పటి మాట. ఇప్పుడు పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేసేవాళ్లు పెరిగారు. మిగతా పాముల్ని తినే పాము అది, తోటకు అది చేసే మేలు పెద్దది.

కాబట్టి నా తీర్పు ఇది. వరి తిరిగి వచ్చింది. చెరకు సగం దారిలో ఉంది. వాన కబురు ఇప్పుడిప్పుడే ఫోనులోకి వస్తోంది. పాము మాత్రం 1796లో ఇక్కడి నుంచి వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు. పింజరి మొదట పుస్తకానికెక్కింది ఈ తీరం నుంచే. దాని విషాన్ని ఇక్కడే సేకరించి, ఇప్పుడున్న మందు దానిమీద ఎంత పనిచేస్తుందో కొలవడానికి విశాఖపట్నంలో విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాల ఉంది, పాములను ప్రాణాలతో పట్టే యువకులూ ఉన్నారు. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని 2024 మార్చిలో కేంద్రం జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ ప్రభుత్వానికి తెలియపరచాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. ఆ ప్రణాళికలో ఉత్తరాంధ్రకు ఒక ప్రాంతీయ విష సేకరణ కేంద్రం కావాలని మన ప్రజాప్రతినిధులు అడగాలి. వ్యవసాయ సీజన్ మొదలయ్యే ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు నిల్వ ఎంతుందో గోడ మీద రాయించాలి.

అది జరిగేలోగా ఈ వ్యాసం చదివినవాళ్లు ఇంట్లో ఒక్కసారి చెప్పుకోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. చీకటి పడ్డాక గట్టు మీదికి టార్చి లేకుండా వెళ్లొద్దు. పాము కరిస్తే తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు కోసం ఊరూరా తిరగొద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, 108కి ఫోన్ చేసి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ చేసే పరీక్ష ఒకటి చాలా తేలికైంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి, తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకపోతే అది పింజరి కాటు కావచ్చు, మందు వెంటనే మొదలుపెట్టాలి. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ఆ పరీక్ష చేశారా అని డాక్టరుగారిని అడగండి.